చిత్రిక

తలుపు మూసుకోవడం మానేసింది.
నవంబరు చెమ్మకి చెక్క ఉబ్బిందనుకున్నాను.
వడ్రంగి ఒనెజీమ్ గోటితో గీకి చూసి
"తప్పు చెక్కది కాదు, మదాం లెయొకాదీ. రంగుది" అన్నాడు.

నలభై ఏడేళ్ళుగా, పారిస్‌లో ఈ ఇరుకు సందులో,
మా కొట్టుకొచ్చిన ప్రతివాడూ
ట్యూబు మూత తీసి, వేలికి రాసుకుని,
వెలుతురుకి ఎత్తి చూసి,
వెళ్తూ వెళ్తూ ఆ వేలు తలుపు అంచుకి తుడిచాడు.
తుడవరాదని అట్ట రాసి వేలాడదీశాం.
అట్టకీ తుడిచారు.

ఒనెజీమ్ ఎడమ చేతికి మూడే వేళ్ళు. రెండు వెర్దన్‌లో ఉన్నాయి.
ఆ మూడింటితోనే చిత్రిక పట్టాడు.

మొదటి చుట్ట తెల్లగా లేచింది.
అది ఓదిల్‌ది. మందుగుండు ఫ్యాక్టరీలో
అరచేతులు పచ్చబడ్డ పిల్ల.
తెలుపు తప్ప కొనదు. తెలుపు మీద తెలుపే వేస్తుంది.
"ఏం కనిపిస్తుందే?" అంటే
"ఇంకాసేపు నిలబడాలి మీరు" అంది.
నా మోకాళ్ళకి అంత కళాభిరుచి లేదు.

తరవాత బురద రంగు, బూడిద రంగు.
బోగుమిల్. పోలండు వాడు.
నా నీళ్ళ కూజా తీసుకెళ్ళి
మూతీ అడుగూ ఒక్కసారే కనబడేట్టు ముక్కలు చేసి గీశాడు.
జనం నవ్వారు. నేను నవ్వలేదు.
కూజా కడిగేటప్పుడు నేనూ అలాగే చూస్తాను.
యుద్ధమొచ్చాక సైన్యం అతన్ని పిలిచి
ఫిరంగుల మీద అవే ముక్కలు వేయించింది,
శత్రువుకి కనబడకుండా.
ఫిరంగి కనబడలేదు. బోగుమిల్ కూడా.

చిత్రిక కిందనించి ఎరుపు చిమ్మింది,
ఒనెజీమ్ ఉలిక్కిపడి వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.
"ఫెర్రెయోల్‌ది లే" అన్నాను.
పేపర్లు వాళ్ళని అడవి మృగాలన్నాయి.
ఈ మృగం మా వంటింట్లో తలొంచుకుని సూప్ తాగేది,
రొట్టె అడగడానికి సిగ్గుపడేది.
నా మొహం ఆకుపచ్చగా వేశాడు.
మా ఆయన రెండు రోజులు పడీపడీ నవ్వాడు.
ఆ వారమంతా నాకు పైత్యం.
ఇంట్లో గమనించినవాడు అతనొక్కడే.

ఆ కిందంతా చుక్కలు. ఆవగింజంతవి,
పసుపు పక్కన నీలం, నీలం పక్కన పసుపు.
ఎవరివో పేరు గుర్తులేదు.
బాకీ మాత్రం సెంటీమ్‌తో సహా తీర్చాడు, చుక్క చుక్కగా.

సందులో పిల్లలు చేరారు.
రంగుల చుట్టలు చెవులకి తగిలించుకుంటున్నారు,
ఒకడు మీసం పెట్టుకున్నాడు.
నేల మీద ఇన్నేళ్ళు వంకీలు తిరిగి పడి ఉంటే
ఊడ్చేందుకు చీపురు తెచ్చి, దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడొచ్చింది, పల్చగా, ఊదా.

యులాలీ.
కొత్త కోడలిగా కొట్లో కూర్చున్న నాకు
మొదటి బేరం.
నల్లరంగు చూపిస్తే వద్దంది. 
"నీడ నలుపని ఎవరు చెప్పారు నీకు?
బయటికొచ్చి మంచు మీద చూడు."
వెళ్ళి చూశాను. మా మామగారు కేకలేశారు.
మంచు మీద నా నీడ ఊదాగానే ఉంది.
ట్యూబులు సంచిలో వేసుకుని ఏటి ఒడ్డుకి పోయేది,
బొమ్మల కింద తమ్ముడి పేరు పెట్టేది.
నలభై మూడు ఫ్రాంకులు బాకీ.
తమ్ముడి పెద్ద బొమ్మలిప్పుడు
గొప్పవాళ్ళ గోడల మీద ఉన్నాయట.
తమ్ముడికి బొమ్మలు వేయడం రాదు. నాకు తెలుసు, 
కుంచె కొనడానికొచ్చి తోక ఎటు అని అడిగాడు.

"ఇంకొక్క పట్టు, చెక్క తేలుతుంది" అన్నాడు ఒనెజీమ్.
ఆపమన్నాను.
"తలుపు పూర్తిగా పడదు మరి."
పడకపోతే పోనీ.

సాయంత్రం చిట్టా తీశాను.
యులాలీ పేజీలో ఆ ఊదా చుట్ట పెట్టి మూశాను.
పద్దు కొట్టెయ్యలేదు.
తలుపు సందులోంచి చలిగాలి వస్తోంది,
శాలువా బిగించుకుని
రేపటికి తెలుపు నూరుతున్నాను.